బాబు సన్నగా ఉన్నాడు, ఖరీదైన హెల్మెట్ కొంటే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. డాలస్ పక్కన ఉంటున్నారు. బాబు ఏడో తరగతిలోకి వస్తున్నాడు, బరువు 84 పౌండ్లు, అంటే 38 కిలోలు. స్కూల్ ఫుట్‌బాల్ జట్టులో చేరతానని పట్టుబట్టాడు. ఇది సాకర్ కాదు, బంతి చేతపట్టుకుని పరుగెత్తుతూ ఒకరినొకరు గుద్దుకునే అమెరికన్ ఫుట్‌బాల్. అదే జట్టులో 150 పౌండ్ల పిల్లలు ఉన్నారు. ఐదొందల డాలర్ల హెల్మెట్ కొనిస్తే భయం లేదని మీవారు అంటున్నారు, మీకు మాత్రం నిద్ర పట్టడం లేదు. రగ్బీలో హెల్మెట్టే పెట్టుకోరు కదా, మరి వాళ్ల సంగతేమిటి అని కూడా అడిగారు.

నేను టెక్సస్‌లో చాలా ఏళ్లుగా హైస్కూల్ జట్ల దగ్గర అథ్లెటిక్ ట్రైనర్‌గా పనిచేస్తున్నాను. దెబ్బ తగిలిన పిల్లాణ్ని చూడటం, వాణ్ని ఆటలో ఉంచాలా తప్పించాలా చెప్పడం మా పని. హెల్మెట్, ప్యాడ్లు, మౌత్‌గార్డ్ కచ్చితంగా ఉండాల్సినవే. ఇవి పుర్రెను, ఎముకలను, పళ్లను బాగా కాపాడతాయి. మెదడును కాపాడేవి వేరే ఉన్నాయి. వారానికి ఎన్ని గుద్దులు తగులుతున్నాయి, టాకిల్, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడం, ఎలా నేర్పుతున్నారు, బాబుకు ఎదురుగా ఎవరిని నిలబెడుతున్నారు, దెబ్బ తగిలినప్పుడు బయటికి పిలిచే మనిషి అక్కడ ఉన్నాడా, ఇవన్నీ. ఇవి షాపులో దొరకవు, కోచ్‌ని అడిగి తెలుసుకోవాలి.

హెల్మెట్ ఏం చేస్తుందో కాస్త వివరంగా చెప్తాను. గట్టి పెంకు దెబ్బను ఒకచోట పడకుండా విస్తరిస్తుంది, లోపలి ఫోమ్ నలిగి తల ఆగే సమయాన్ని కొంచెం పెంచుతుంది. దాంతో పుర్రె పగలదు. కానీ మెదడు పుర్రెకు అతుక్కుని లేదు, ద్రవంలో తేలుతూ ఉంటుంది. కొబ్బరికాయను ఎంత మందపాటి గుడ్డలో చుట్టినా, ఊపితే లోపలి నీళ్లు కదలక మానవు కదా. తల ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడు మెదడు కణజాలం మెలిపడి సాగుతుంది, కంకషన్‌కు, అంటే కుదుపు వల్ల మెదడు పని దెబ్బతినడానికి, ముఖ్య కారణం అదే. అమెరికాలో హెల్మెట్లకు ప్రమాణాలు పెట్టే నాక్సీ సంస్థ 1973లో తెచ్చిన పరీక్ష ప్రధానంగా హెల్మెట్‌ను ఎత్తు నుంచి కిందికి పడేసి చూసేది. పుర్రె పగలడం, మెదడులో రక్తస్రావం లాంటి పెద్ద ప్రమాదాలను దృష్టిలో పెట్టుకుని చేసిన పరీక్ష అది. తల మెలితిరగడాన్ని కొలవడం చాలా ఆలస్యంగా వచ్చింది. ఇంట్లో హెల్మెట్ ఉంటే దాని మీద అంటించిన హెచ్చరిక చదవండి. ఏ హెల్మెట్టూ తలకు, మెడకు తగిలే అన్ని గాయాలనూ ఆపలేదని తయారుచేసినవాళ్లే రాసి ఉంటారు.

అలాగని హెల్మెట్‌ను తక్కువ చేయడం అన్యాయం. 1968లో ఒక్క ఏడాదిలోనే ఈ ఆటలో నేరుగా తగిలిన దెబ్బల వల్ల 36 మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే నాక్సీ పుట్టింది. 1978 నుంచి కాలేజీల్లో, 1980 నుంచి హైస్కూళ్లలో ఆ ప్రమాణం ఉన్న హెల్మెట్లే వాడాలన్నారు. 1990లో అలాంటి మరణం ఒక్కటి కూడా లేదు.

అయితే ఈ కథలో ఇంకో సగం ఉంది, మీవారికి అది తప్పకుండా చెప్పండి. గట్టి ప్లాస్టిక్ పెంకు, ముఖానికి జాలీ వచ్చాక ఆటగాళ్లకు తల నొప్పి పుట్టదన్న ధైర్యం వచ్చింది. తలనే ముందుకు పెట్టి ఎదుటివాణ్ని పొడవడం మొదలుపెట్టారు, దాన్నే స్పియరింగ్ అంటారు. మెడకు సహజంగా ఒక వంపు ఉంటుంది. తల కిందికి వంచి గుద్దితే ఆ వంపు పోయి వెన్నుపూసలన్నీ నిటారుగా ఒకే వరుసలోకి వస్తాయి. వెనకనుంచి ఒంటి బరువంతా వచ్చి వాటి మీద పడుతుంది. పూస విరిగి వెన్నుపాము దెబ్బతింటే కాళ్లూ చేతులూ జీవితాంతం పడిపోతాయి. 1976 సీజన్‌లో అలా పడిపోయినవాళ్లు 34 మంది. ఆ ఏడాదే తలతో పొడవడాన్ని నిషేధించారు. 1984కల్లా ఆ సంఖ్య 5కు దిగింది. మెడను కాపాడే కొత్త పరికరం ఏదీ మధ్యలో రాలేదు. డాక్టర్ జోసెఫ్ టార్గ్ ఆ గాయాల లెక్కలు తీసి, ఫిల్ములు చూసి, కారణం పట్టుకున్నాడు, నియమం మారింది, కోచ్‌లు నేర్పే పద్ధతి మారింది. మా వృత్తిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ గౌరవం ఉన్న పని అది.

ఇప్పుడు సైజు సంగతి. మీ బాబు 38 కిలోలు, ఎదుటివాడు 68 కిలోలు. ఇద్దరూ సెకనుకు 5 మీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చి గుద్దుకుని అతుక్కుపోయారనుకోండి. ఇద్దరి మీదా పడే బలం సమానమే. కానీ పెద్దవాడు నెమ్మదిస్తాడు, అంతే, ముందుకే పోతాడు. అతని వేగంలో మార్పు సెకనుకు సుమారు 3.6 మీటర్లు. మీవాడు ఆగడం మాత్రమే కాదు, వెనక్కి తిరిగి నెట్టుకుపోతాడు, మార్పు సెకనుకు 6.4 మీటర్లు. అంటే అదే గుద్దుకు చిన్నవాడి ఒంటికి తగిలే కుదుపు దాదాపు 1.8 రెట్లు. ఈ తేడాను ఏ ఫోమూ పూడ్చలేదు. పైగా పన్నెండేళ్ల పిల్లాడి తల సైజు దాదాపు పెద్దవాళ్లంత ఉంటుంది, మెడ మాత్రం సన్నం. దాని మీద మూడు నాలుగు పౌండ్ల హెల్మెట్ కూర్చుంటుంది. సాకర్, బాస్కెట్‌బాల్, లక్రాస్ ఆడే హైస్కూల్ పిల్లల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనంలో మెడ బలం ఒక్కో పౌండు పెరిగేకొద్దీ కంకషన్ అవకాశం 5 శాతం తగ్గినట్టు తేలింది. అది ఫుట్‌బాల్ కాదు, నిజమే. అయినా మెడ కసరత్తుకు పైసా ఖర్చు లేదు, నష్టమూ లేదు.

ఏడో తరగతిలో బరువు తేడా ఒక్కటే కాదు, ఎదుగుదల తేడా కూడా ఉంటుంది. ఒకడికి మీసం వచ్చేస్తుంది, పక్కవాడికి గొంతు కూడా మారదు. పుట్టిన తేదీ ఒకటే, ఒళ్లు మాత్రం మూడేళ్ల తేడాతో ఉంటాయి. న్యూజిలాండ్‌లో, ముఖ్యంగా ఆక్లాండ్‌లో, పిల్లల రగ్బీని వయసుతో పాటు బరువును బట్టి కూడా విడదీస్తారు. మన కబడ్డీలోనూ బరువుకు హద్దు ఉంది. సీనియర్ మగవాళ్లకు అది 85 కిలోలు. ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ కుర్రాళ్లు ఎంత కండ పెంచినా తూకం ముందు ఆ గీత దాటకూడదు. రక్షణ సామగ్రి లేని ఆటలో బరువును కట్టడి చేయడం చాలా తెలివైన పని అని నా అభిప్రాయం. అమెరికన్ స్కూల్ ఫుట్‌బాల్‌లో సాధారణంగా అలాంటి హద్దు ఉండదు. ఏ జట్టు, ఏ తరగతి అన్నదే లెక్క.

మీ బాబు వయసు పిల్లల మీదే కెనడాలో ఒక గొప్ప పోలిక దొరికింది. ఐస్ హాకీలో ఒంటితో గుద్ది ఎదుటివాణ్ని పడేయడాన్ని బాడీ చెకింగ్ అంటారు. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు అప్పట్లో ఆల్బర్టాలో అది అనుమతి, క్విబెక్‌లో నిషేధం. రెండు చోట్లా అదే హెల్మెట్, అదే ముఖపు జాలీ, అవే ప్యాడ్లు. కరొలిన్ ఎమరీ బృందం ఒక సీజన్ మొత్తం గమనించి 2010లో ఫలితాలు ప్రచురించింది. ఆల్బర్టాలో గాయాలు మూడు రెట్లకు పైగా, కంకషన్లు నాలుగు రెట్లకు దగ్గరగా ఉన్నాయి. బరువు అందరికన్నా తక్కువగా ఉన్న పావు వంతు పిల్లలకు ప్రమాదం ఇంకా ఎక్కువ. 2013లో కెనడా అంతటా ఆ వయసుకు బాడీ చెకింగ్ తీసేశారు. ఆల్బర్టాలో ఆ తర్వాత గాయాలు సగానికి పడిపోయాయి, కంకషన్లు 60 శాతానికి పైగా తగ్గాయి. పిల్లల చేత కొత్తగా ఏదీ కొనిపించలేదు.

రగ్బీ గురించి. హెల్మెట్ లేదు కాబట్టి జాగ్రత్తగా ఆడతారు, అందుకే గాయాలు తక్కువ అని చాలామంది అంటారు. మొదటి సగంలో కొంత నిజముంది. నెత్తి మీద గట్టి పెంకు లేనివాడు తలతో పొడవడానికి వెనకాడతాడు, తల పక్కకు పెట్టి భుజంతో టాకిల్ చేయడం చిన్నప్పుడే నేర్చుకుంటాడు. రెండో సగం మాత్రం తప్పు. ఇంగ్లండ్ ప్రొఫెషనల్ లీగ్ మ్యాచ్‌లలో 2011-12 సీజన్ నుంచి ఏళ్ల తరబడి అన్నిటికన్నా ఎక్కువగా నమోదవుతున్న గాయం కంకషనే. కొందరు పెట్టుకునే మెత్తటి స్క్రమ్ క్యాప్ చెవులు నలగకుండా, చర్మం చిట్లకుండా కాపాడుతుంది. దాని మందం ఒక సెంటీమీటరు దాటకూడదని నియమం. అలాంటి మెత్తటి టోపీల మీద ఆస్ట్రేలియాలో ఎనభైకి పైగా జట్ల కుర్రాళ్లతో పరీక్ష పెడితే కంకషన్లు తగ్గలేదు.

రగ్బీలో అసలు సమస్య సైజు. ఐరోపా అంతర్జాతీయ పోటీల్లో ఆటగాడి సగటు బరువు 1955లో సుమారు 85 కిలోలు, 2015లో 105 కిలోలు. ఆట 1995లో ప్రొఫెషనల్ అయింది. ఆ ఏడాది ప్రపంచ కప్‌లో న్యూజిలాండ్ ఆటగాడు జోనా లోము దాదాపు 119 కిలోలతో మైదానం అంచున, వింగ్‌లో పరుగెత్తుతుంటే లోకం నోరు తెరుచుకుని చూసింది. ఇప్పుడు ఆ బరువు పెద్ద వార్త కాదు. మైదానం మాత్రం అదే కొలత. అందుకే వాళ్లు నియమాలతోనే సరిదిద్దుకుంటూ వస్తున్నారు. ఫ్రాన్స్‌లో అమెచ్యూర్ ఆటకు 2019లో టాకిల్‌ను నడుము వరకు దించారు, ఇంగ్లండ్‌లో 2023లో రొమ్ము ఎముక అడుగు దాకా దించారు. నిలబడి టాకిల్ చేస్తే రెండు తలలు ఒకే ఎత్తులో ఉంటాయి, గుద్దుకుంటాయి. అలాంటప్పుడు ఎక్కువగా దెబ్బ తినేది టాకిల్ చేసినవాడే. ఇది మీ బాబుకు కూడా పనికొచ్చే సంగతి.

బాక్సింగ్‌లోనూ ఈ చర్చ జరిగింది. 2013లో పెద్ద స్థాయి పోటీల్లో మగవాళ్లకు తలకు పెట్టుకునే హెడ్‌గార్డ్ తీసేశారు, 2016 రియో ఒలింపిక్స్‌లో మగవాళ్లు అది లేకుండానే ఆడారు. ఆడవాళ్లకు ఉంచారు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ పారిస్ ఒలింపిక్స్‌లో ఆడినప్పుడు తలకు ఉన్నది అదే. కంటి పైన చిట్లడాన్ని అది బాగా ఆపుతుంది, మెదడు కుదుపు విషయంలో మాత్రం వాదన ఇంకా తెగలేదు.

హెల్మెట్ మీద తొడిగే మెత్తటి గార్డియన్ క్యాప్ గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెప్తారు. 2022లో అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ట్రైనింగ్ క్యాంపుల్లో లైన్‌మన్ (ముందు వరుసలో నిలబడి గుద్దుకునే భారీ ఆటగాడు) లాంటి స్థానాలవాళ్లకు దాన్ని తప్పనిసరి చేసింది, వాళ్లలో కంకషన్లు సగానికి తగ్గాయని చెప్పింది. విస్కాన్సిన్ హైస్కూళ్లలో చూస్తే పెట్టుకున్నవాళ్లకు, పెట్టుకోనివాళ్లకు తేడా కనబడలేదు. స్కూలు ఇస్తే పెట్టుకోనివ్వండి. అది ఉంది కదా అని ధైర్యం మాత్రం తెచ్చుకోవద్దు.

మీరు అడగని ప్రమాదం ఒకటి ఉంది, టెక్సస్‌లో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది అదే. వడదెబ్బ. ఆగస్టులో ప్రాక్టీస్ మొదలవుతుంది. హెల్మెట్, షోల్డర్ ప్యాడ్లు, తొడ ప్యాడ్లు వేసుకుంటే ఒంట్లో వేడి బయటికి పోయే దారి సగం మూసుకుపోతుంది. ఇక్కడ సైజు తిరగబడుతుంది. గుద్దుల్లో సన్నటి పిల్లాడికి ప్రమాదం, ఎండలో లావు పిల్లాడికి. పెద్ద ఒంట్లో వేడి ఎక్కువ పుడుతుంది, దానికి తగ్గ చర్మ వైశాల్యం ఉండదు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు మిన్నెసోటా వైకింగ్స్ లైన్‌మన్ కోరీ స్ట్రింగర్, 335 పౌండ్ల మనిషి, క్యాంపులో వడదెబ్బ తగిలి 2001 ఆగస్టు 1న చనిపోయాడు. ఆయన పేరు మీద కనెక్టికట్ యూనివర్సిటీలో పెట్టిన సంస్థ చెప్పే సూత్రం ఒకటుంది. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఐసు, నీళ్లు నింపిన తొట్టెలో మెడ దాకా ముంచితే మనిషి బతుకుతాడు. అంబులెన్స్ కోసం చూస్తూ కూర్చుంటే ఆలస్యమవుతుంది. కాబట్టి ప్రాక్టీస్ మైదానం దగ్గర ఆ తొట్టె నీళ్లతో సిద్ధంగా ఉందో లేదో మీ కళ్లతో చూడండి. మొదటి రోజుల్లోనే పూర్తి ప్యాడ్లు వేయిస్తున్నారా, మెల్లగా అలవాటు చేస్తున్నారా అడగండి. బాబుతో ఆడే లావు పిల్లల అమ్మానాన్నలకు కూడా చెప్పండి.

ఇక హెల్మెట్ కొనడం గురించి. చాలా స్కూళ్లు హెల్మెట్ వాళ్లే ఇస్తాయి. మీరు కొనాలంటే వర్జీనియా టెక్ యూనివర్సిటీ 2011 నుంచి ఇస్తున్న స్టార్ రేటింగులు చూడండి, పిల్లల హెల్మెట్లకు వేరే జాబితా ఉంది. తక్కువ ధరలోనూ ఐదు స్టార్ల హెల్మెట్లు ఉంటాయి. ధర కన్నా తలకు సరిగ్గా కూర్చోవడం ముఖ్యం. నేను చూసేది ఇలా. జుట్టు తడిపి పెట్టిస్తాను, ఎందుకంటే చెమట పట్టాక ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. ముందు అంచు కనుబొమ్మలకు ఒక అంగుళం పైన ఉండాలి. చెవి రంధ్రం చెవికి ఎదురుగా రావాలి. దవడ ప్యాడ్లు బుగ్గలను గట్టిగా తాకాలి. ముఖపు జాలీ పట్టుకుని అటూ ఇటూ తిప్పితే హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం కూడా కదలాలి, హెల్మెట్ ఒక్కటే జారితే అది వదులు. గడ్డం పట్టీ నాలుగు బొత్తాలూ పెట్టుకోవాలి. తీయడం తేలికని పిల్లలు దవడ ప్యాడ్లు పీకేస్తారు, రెండు బొత్తాలు వదిలేస్తారు. పొడుగు జుట్టు కత్తిరించుకుని వస్తే నిన్న సరిపోయింది ఇవాళ వదులవుతుంది. గాలి నింపే రకమైతే చలి పడ్డాక గాలి తగ్గుతుంది. వారానికోసారి మీరే చూడండి. స్కూల్ హెల్మెట్ అయితే లోపల తయారీ సంవత్సరం, చివరిసారి ఎప్పుడు రీకండిషన్ చేశారో, అంటే విప్పి చూసి బాగుచేశారో రాసిన స్టిక్కర్ ఉంటుంది. పదేళ్లు దాటితే వెనక్కి ఇచ్చేయండి. మౌత్‌గార్డ్ నోట్లో ఉండాలి, జాలీకి వేలాడకూడదు.

కోచ్‌ని అడగాల్సినవి. టెక్సస్‌లో స్కూల్ ఆటలను నడిపే యూఐఎల్ సంస్థ నియమం ప్రకారం సీజన్‌లో ఏడో తరగతి నుంచి పన్నెండు దాకా పూర్తి కాంటాక్ట్ (నిజంగా గుద్దుకునే) ప్రాక్టీస్ వారానికి 90 నిమిషాలు దాటకూడదు. మీరు నిజంగా ఎంత చేయిస్తారు అని అడగండి. ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి గుద్దించే డ్రిల్స్‌లో జతలు ఎలా కలుపుతారో అడగండి. సైజు చూసి కలుపుతాం అంటే మంచి కోచ్. ఈ ఆటలో అందరూ అందరినీ ఎదుర్కోవాల్సిందే అంటే నేనైతే నా పిల్లాణ్ని పంపను. టాకిల్ నేర్పేటప్పుడు తల ఎక్కడ పెట్టమంటారో ఒకరోజు వెళ్లి చూడండి. ప్రాక్టీస్‌లో అథ్లెటిక్ ట్రైనర్ ఉంటారా, మ్యాచ్‌కు మాత్రమే వస్తారా అన్నదీ తెలుసుకోండి. మిడిల్ స్కూళ్లలో చాలాసార్లు ఉండరు.

మీ స్థానంలో నేనుంటే ఏం చేస్తానని అడిగారు. 38 కిలోల పిల్లాణ్ని ఈ ఏడాది ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడిస్తాను, అందులో పడేయడానికి బదులు నడుముకు కట్టిన గుడ్డ పీలిక లాగుతారు. పరుగు, క్యాచ్, ఆట తెలివి అన్నీ అందులో వస్తాయి, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కూడా అది ఉంది. ఏడాదో రెండేళ్లో ఒళ్లు వచ్చాక టాకిల్‌కు వెళ్లొచ్చు. ఆలస్యంగా మొదలుపెడితే వెనకబడిపోతాడన్న భయం అక్కర్లేదు, తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టి బాగా ఆడిన పిల్లలు నా దగ్గరే ఉన్నారు. మెదడు మీద ఏళ్ల తరబడి పడే చిన్న చిన్న గుద్దుల లెక్క కూడా తగ్గుతుంది. బోస్టన్‌లో డాక్టర్ ఆన్ మెక్కీ బృందం 2017లో పరిశీలించిన 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లలో 110లో సీటీఈ అనే, పదేపదే తగిలే దెబ్బలతో ముడిపడిన మెదడు క్షీణత జబ్బు కనబడింది. లక్షణాలు ఉన్నవాళ్ల కుటుంబాలే ఎక్కువగా ఇచ్చిన మెదళ్లవి, కాబట్టి ఆడిన ప్రతివాడికీ అది వస్తుందని అర్థం కాదు. స్కూల్లో రెండేళ్లు ఆడిన పిల్లాడి పరిస్థితి వేరు. అయినా గుద్దుల మొత్తాన్ని తగ్గించే అవకాశం చేతిలో ఉన్నప్పుడు వాడుకోవాలి.

బాబు వినడు, చేరిపోయాడు అనుకుందాం. అప్పుడు ఈ ఒక్క చట్టం గుర్తుపెట్టుకోండి. 2011లో టెక్సస్ చేసిన చట్టం ప్రకారం కంకషన్ అయి ఉండొచ్చని కోచ్, డాక్టర్, లైసెన్స్ ఉన్న వైద్య సిబ్బంది లేదా తల్లిదండ్రులు, వీళ్లలో ఏ ఒక్కరు భావించినా పిల్లాణ్ని వెంటనే ఆట నుంచి తప్పించాలి. అంటే స్టాండ్స్‌లో కూర్చున్న మీ మాట చాలు. నిరూపించక్కర్లేదు, మొహమాటపడక్కర్లేదు, కిందికి దిగి వెళ్లి చెప్పండి. మళ్లీ ఆడించే అధికారం కోచ్‌కు లేదు. మీరు ఎంచుకున్న డాక్టర్ రాసివ్వాలి, మెట్టుమెట్టుగా ఆటలోకి తెచ్చే పద్ధతి పూర్తవ్వాలి, మీరు సంతకం పెట్టాలి. ఆ రాత్రి బాబుకు తలనొప్పి పెరుగుతూ పోయినా, పదేపదే వాంతులైనా, మాట తడబడినా, ఒక కంటిపాప పెద్దదైనా, లేపితే సరిగ్గా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఇవేవీ లేకపోయినా తల బరువుగా ఉంది, వెలుతురు పడటం లేదు, క్లాసులో బుర్ర పనిచేయడం లేదు అంటుంటే ఇంకా తగ్గలేదన్నమాట. శుక్రవారం పెద్ద మ్యాచ్ ఉందని బాబు ఎంత బతిమాలినా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.